పుట్టనోళ్ల వకీలు

మా అవ్వ వెంకటవ్వను ఒక్క ఏడాది ఢిల్లీలో కూర్చోబెడితే దేశం అప్పంతా దీపావళి లోపల తీరిపోతుంది. మిగిలిన డబ్బును మనమే అమెరికాకు వడ్డీకిస్తాం. మంత్రులందరూ ఇంటి నుంచి సద్ది కట్టుకొని వస్తారు. కడుపు తీయించుకోవడానికి ఒప్పుకునే చట్టాన్ని అవ్వ నాలుగు ముక్కలు చేసి, పొయ్యి కింద పెట్టి, దాని మంట మీద పార్లమెంటు మొత్తానికి చాయ్ కాస్తుంది, సగం చక్కెరతో. ఇదంతా చేస్తూనే రోజుకు నలభై చీరలకు దారాలు కత్తిరిస్తుంది. అబద్ధమైతే నా నాలుక కోయండి. ఆ మాట ఆమెకు మాత్రం చెప్పకండి, కత్తెర ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది.

మా ఇల్లు సూరత్‌లో, గోడాదరాలో. మా గల్లీలో సగం మంది సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి మగ్గాల కోసం వచ్చినవాళ్లే. అవ్వ వచ్చి నలభై ఏళ్లు దాటింది. తాత బుచ్చిరాములు పవర్‌లూముల మధ్య నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. అవ్వ మాటలు వినపడని ఒకే ఒక్క మనిషి ఆయన. గల్లీలో మగవాళ్లందరికీ ఆయనను చూస్తే కొంచెం కుళ్లు.

అవ్వ చేసేది దాగా కటింగ్. ఎంబ్రాయిడరీ చీరలకు వెనక వైపు దారాలు వేలాడుతుంటాయి కదా, వాటిని కత్తిరించి చీరను శుభ్రం చేయడం. సలాబత్‌పురా నుంచి ఓంప్రకాష్ అనే అతను స్కూటర్ మీద మూటలు తెచ్చి పడేస్తాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఐదారుగురు ఆడవాళ్లు మా అరుగు మీద చేరతారు. చేతులు చీర మీద, నోళ్లు దేశం మీద.

అవ్వకు రెండు సంగతుల మీద కోపం. ఒకటి సర్కారు చేసే అప్పు, రెండోది కడుపు తీయించుకోవడం. నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను కాబట్టి ఈ రెండింటికీ ఏం సంబంధమో చాలా రోజులు అర్థం కాలేదు. ఒకరోజు ఆమే చెప్పింది.

“సర్కారు అప్పు దెస్తది. దెచ్చి పంచుతది. మనం తింటం, ఓటేస్తం. మరి కట్టేటోడెవడు? వాడు ఇంక పుట్టనే లేడు! పుట్టనోని ఏలుముద్ర వీళ్లెట్లేస్తరే?”

“సరే అవ్వా. మరి రెండోది?”

“అది గూడ గదే. కడుపులున్నోడు పుట్టలే, నోరు లేదు. పెద్దోళ్లు గూసోని ‘ఇప్పుడొద్దులే’ అనుకుంటరు, సర్కారు మొహరు గొడ్తది. వాని దిక్కు మాట్లాడెటోడు ఉండొద్దా? తల్లి పానం మీదికొచ్చిందనుకో, డాక్టరు ఇష్టం. నేను ఆడదాన్ని గానా? ఎవడన్న పాపిష్టోడు చెరిచిన పిల్ల అయితే నా నోరు లేవది. కని ఇల్లిరుకు, చేతిల పైస లేదు, ఇప్పుడు మా తోని గాదు… గింత దానికి ఒక పానం దీసుడా?”

ఆ మాట విని పక్కింటి మంగ అవ్వకు పేరు పెట్టింది. “వచ్చిందమ్మా పుట్టనోళ్ల వకీలు, జరుగుండ్రి” అనేది. అవ్వ పైకి తిట్టేది. లోపల ఎంత మురిసేదంటే, ఆ పేరు వినడానికే రెండుసార్లు లోపలికి వెళ్లి మళ్లీ బయటికి వచ్చేది.

అంతా బాగానే ఉండేది, నాలుగేళ్ల కింద భాగీరథి మా గల్లీకి రాకపోతే.

భాగీరథి అవ్వ కంటే పదేళ్లు చిన్నది. పదో తరగతి చదివింది. భివండిలో ఇరవై ఏళ్లుండి, కొడుకుతో పాటు సూరత్ వచ్చింది. సన్నని ఫ్రేము కళ్లద్దాలు. ఓంప్రకాష్‌తో గుజరాతీలో నాలుగు మాటలు మాట్లాడి తేలిక చీరల మూట తన ముందర పెట్టించుకునేది. అవ్వకేమో పూసలు, జరీ, అద్దాలు కలిసిన ముళ్లకంప చీరలు వచ్చేవి.

దానికైనా అవ్వ ఓర్చుకునేది. ఓర్చుకోలేనిది ఏమిటంటే, భాగీరథి అవ్వ చెప్పినదానికల్లా ఒప్పుకునేది. అవ్వకు తనతో తగువు పెట్టుకునేవాళ్లంటే ప్రాణం, వాళ్లకు తన వాటా చాయ్ కూడా పోస్తుంది. ఒప్పుకునేవాళ్లంటేనే మంట. పైగా భాగీరథి ఉత్తగా ఒప్పుకునేది కాదు. అవ్వ పొద్దున అన్న మాటను సాయంత్రానికి కడిగి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి చెప్పేది.

“వెంకటవ్వ వదినె అన్నట్టు, సర్కారు ఖజానా కూడా ఇల్లు లాంటిదే. వచ్చేదానికంటే పోయేది ఎక్కువైతే పిల్లల నోటి దగ్గరిది పోతది” అని నెమ్మదిగా చెప్పేది. ఆడవాళ్లందరూ “అబ్బ, ఎంత మంచిగ జెప్పినవ్ భాగీరథీ” అనేవాళ్లు. ‘వెంకటవ్వ వదినె అన్నట్టు’ అన్న ముక్క ఎవరి చెవిలోనూ పడేది కాదు.

ఆ రాత్రి అన్నం దగ్గర అవ్వ తాత మీద అరిచేది. “నా మాట! నా నోట్లకెళ్లి వచ్చిన మాట! దాని నోట్లె వడంగనే బంగారమైతదా?”

తాత తల ఊపి, “చారు మంచిగున్నది” అనేవాడు.

ఈ కార్తీకంలో తెలుగు సమాజం సెక్రటరీ సదానందం మా అరుగు దగ్గరికి వచ్చాడు. ఆదివారం నాలుగింటికి హాల్లో ఆడవాళ్ల సభ ఉందన్నాడు. సర్కారు ఏం చేయాలో, ఏం చేయకూడదో గల్లీకి ఒక ఆడమనిషి మైకులో ఐదు నిమిషాలు చెప్పాలి. అవన్నీ రాసి గాంధీనగర్‌లో సర్కారుకు పంపిస్తారు. వేదిక మీద కుర్చీ, పేరు రాసిన చీటీ కూడా ఉంటాయి.

అవ్వ అప్పటికే కొంగు సర్దుకుంటోంది. సదానందం మాత్రం భాగీరథి వైపు చూశాడు.

“అంటే… మైకు గదా, జర సాఫ్‌గ మాట్లాడేటోళ్లయితే…” అన్నాడు.

“నేనేమన్న తుకడలు తుకడలు మాట్లాడుతున్ననా?” అంది అవ్వ.

“గట్ల గాదు పెద్దమ్మా. మీరే మీరే మాట్లాడుకొని శుక్రవారం లోపల ఒక పేరియ్యుండ్రి” అని అతను చెప్పు కాలికి ఎక్కకముందే బయటపడ్డాడు.

నలభై ఏళ్లలో అవ్వ ఏదీ ఇంతగా కోరుకోలేదు. బంగారం అడగలేదు, తీర్థం అడగలేదు. ఆ కుర్చీ కావాలి. ఆ రెండు రోజులు కత్తెర నోరు తెరిచి అలాగే ఉండిపోయేది, కళ్లు మాత్రం భాగీరథి కళ్లద్దాల మీద.

గురువారం నాడు అరుగు మీద సింధూజ ఉంది. సింధూజ మా గల్లీ పిల్లే, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబులో పనిచేస్తుంది. సెలవు రోజు తల్లికి సాయంగా చీరలు కత్తిరిస్తుంది. కడుపు తీయించుకునే విషయంలో అవ్వతో దానికి ఎప్పుడూ పడదు.

“అవ్వా, ఒకటడుగుతా. చట్టం ఉత్తగ రాలే. చాటుకు మందులు మింగి చచ్చిపోయినోళ్లను జూసి దెచ్చిన్రు. సరే, అదిడిచిపెట్టు. కడుపు దీయించుకోవద్దంటవ్. సర్కారు ఊకె ఏదియ్యొద్దంటవ్. మరి మొగడు తాగుబోతు, ఇంట్ల గింజ లేదు, మూడోది కడుపుల వడ్డది. కన్నంక ఆ పిల్లను ఎవరు సాదాలె? నువ్వు రెండు తలుపులు మూసినవ్ గదా, అది ఏ తలుపుకెళ్లి పోవాలె?”

నేను చెబుతున్నాను, అది మంచి ప్రశ్న. ఇప్పటికీ నాకు పూర్తి జవాబు తెలియదు. అవ్వ జవాబు వెతుక్కుంటూ ఒకే దారాన్ని మూడుసార్లు కత్తిరించింది.

భాగీరథి కళ్లద్దాలు పైకి జరుపుకొని, “సర్కారు సాదుడు కంటె ముందు వాడకట్టు సాదాలె బిడ్డా. పక్కింటి తలుపు లేదా? మనిషికి మనిషి తలుపు” అంది.

“అబ్బ!” అన్నారు అందరూ.

అవ్వ మొహం గోంగూర పచ్చడిలా అయింది. ఎందుకో నాకు తెలుసు. ఆరేళ్ల కింద మంగకు మూడో కడుపు వచ్చినప్పుడు, మొగుడు వదిలి పోయి రెండు నెలలు. ఆసుపత్రికి పోతానంటే అవ్వ వద్దంది. “నేను పనికి పోతే దీన్ని ఎవరు జూస్తరు?” అని మంగ ఏడిస్తే, “నేను” అంది. అన్నట్టే మూడేళ్లు చూసింది. ఒక చేత్తో ఉయ్యాల, ఒక చేత్తో కత్తెర. మా ఇంట్లో పాల మీద మీగడ నాకు రావలసింది, ఆ పిల్లకు పోయేది. దాని మీద నాకిప్పటికీ కొంచెం కోపమే. అంటే భాగీరథి చెప్పిన మాటను అవ్వ మూడేళ్లు చేసింది. చేసింది కానీ, చెప్పడం రాలేదు. మంగ అక్కడే కూర్చొని ఉంది. అవ్వ మంగ వైపు చూడలేదు కూడా. చేసిన మేలు చెప్పుకోకూడదని అవ్వ అనుకుంటుంది.

కానీ కుర్చీ జారిపోతోంది. అప్పుడు అవ్వ ఒక మాట అంది.

“మాటలెవరన్న జెప్తరు. నేను మాఘంల సిరిసిల్ల పెండ్లికి వోయిన. కరీంనగర్ల బస్సెక్కిన. ఆడోళ్లకు అక్కడ ఫ్రీ గదా? నేను తీసుకోలే. పైసలిచ్చి టికెట్ దీసుకున్న. నమ్మిన మాట మీద నిలవడుడంటే గది.”

అరుగు మీద కత్తెరలన్నీ ఆగాయి. “పైసలిచ్చినవా?” “నిజంగనా?” అన్నారు. ఒకామె దండం కూడా పెట్టింది. భాగీరథి అవ్వ వైపు ఒక్క నిమిషం చూసి, తల వంచుకొని మళ్లీ దారాలు కత్తిరించింది. “నేనైతే ఫ్రీగనే వోయిన వదినె. సిగ్గయింది, కని వోయిన” అంది. మర్నాడు సదానందానికి అవ్వ పేరు పోయింది.

ఇప్పుడు ఆ బస్సు సంగతి చెప్పాలి, ఎందుకంటే పక్క సీట్లో కూర్చున్నది నేనే.

కండక్టర్ ఇంకా నాలుగు సీట్ల దూరంలో ఉండగానే అవ్వ ఆధార్ కార్డు తీసి చెయ్యి చాపింది. ఎంత దూరం చాపిందంటే ముందు సీటాయన చెవికి తగిలింది. కండక్టర్ కార్డు చూసి, “అవ్వా, ఇది సూరత్ కార్డు. చెల్లది. తెలంగాణ అడ్రసు ఉండాలె. పైసలియ్యి” అన్నాడు. గ్యాస్ కనెక్షన్ కోసం మేమే ఎప్పుడో కార్డులో ఊరి అడ్రసు తీయించి గోడాదరా వేయించాం. అవ్వ ఊరుకుంటుందా? “నేను పుట్టిందీడ! నా బొడ్డు గోసిందీడ! నా భాష వినవడ్తలేదా?” అని రెండు స్టాపుల దాకా వాదించింది. చివరికి నడుముకు కట్టుకున్న సంచి విప్పి పైసలు లెక్కపెట్టి ఇచ్చింది. పక్క సీట్లో ఒకామె సున్నా రూపాయల టికెట్ మడిచి జాకెట్లో పెట్టుకుంటుంటే అవ్వ చూసిన చూపు నేను చచ్చేదాకా మరచిపోను. ఊళ్లో దిగేసరికి మాత్రం కథ మారింది. దిగగానే, “మనం ఊకె తినేటోళ్లం గాదే” అంది. నేను నవ్వితే ఒక మొట్టికాయ వేసింది.

శనివారం సాయంత్రం భాగీరథి మా ఇంటికి వచ్చింది. మైకును నోటికి ఎంత దూరంలో పట్టుకోవాలో గరిటెతో చూపించింది. వెళ్లే ముందు గడప దగ్గర ఆగి, మెల్లగా అంది.

“వదినె, అన్నీ జెప్పు గని బస్సు ముచ్చట మాత్రం జెప్పకు. రేపు హాల్ల నిన్న మొన్న ఊరికెళ్లి వచ్చినోళ్లుంటరు. సూరత్ కార్డుకు ఫ్రీ ఇయ్యరని వాళ్లకు ఎరికే. నాది ఇంక ఊరి కార్డే గనక నడిచింది, సూరత్ కార్డున్న మా బిడ్డకు టికెట్ కొట్టిండు.”

అవ్వ ఆమె చేతిలోని గరిటె లాక్కుంది. “అయితే నీకు ముందే ఎరికేనా?”

“ఎరికే.”

“మరి గురువారం నాడు అందరి ముందర ఎందుకనలే?”

“అంటే ఏమొస్తది? పేరు నీకే రావాలె. ఆ మాటలు ముందుగాల నీయే గదా” అని వెళ్లిపోయింది.

అవ్వ ఆ గరిటెను గిన్నెలోకి విసిరేసింది. తర్వాత మొదలుపెట్టింది. “చూసినవా? నా ఇజ్జత్ దాని కొంగుల మూట గట్టుకున్నది! నన్ను కాపాడుతదట! మంచితనంల గూడ నాకంటె ఒక మెట్టు మీదనే నిలవడాల్నా అది? తిట్టినా బాగుండు. అందరి ముందర నా పరువు దీసినా బాగుండు!”

“రేపు ఆ ముచ్చట వదిలెయ్యి అవ్వా, అయిపోతది” అన్నాను.

“వదిలేస్తే అది చెప్పినట్టు విన్నట్టయితది!” అంది. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

ఆదివారం హాలు నిండింది. వేదిక మీద కుర్చీ మీద ‘వెంకటవ్వ’ అని చీటీ ఉంది. ముందు వరసలో భాగీరథి, ఆమె పక్కన సింధూజ, మంగ. అవ్వ మైకు దగ్గరికి వెళ్లి, గరిటె దూరంలోనే పట్టుకుంది. మొదట పుట్టనోళ్ల ముచ్చట చెప్పింది. సర్కారు అప్పు ఎవరు కడతారో అడిగింది. కడుపులో ఉన్నవాడికి వకీలు ఉండొద్దా అని అడిగింది. హాల్లో కొందరు తల ఊపారు, కొందరు ఊపలేదు. అంతటితో దిగిపోతే చాలు. సదానందం అప్పటికే చప్పట్లకు చేతులు ఎత్తాడు.

అవ్వ ముందు వరసలో భాగీరథిని చూసింది. భాగీరథి చిన్నగా నవ్వి, ‘చాలు వదినె’ అన్నట్టు తల ఊపింది. ఆ నవ్వు చూడగానే అవ్వ దవడ బిగిసింది.

“ఇంకొకటున్నది. మా గల్లీల నేనొక అబద్ధం జెప్పిన. బస్సుల ఫ్రీ టికెట్ వద్దన్న అన్న. వద్దనలే. చెయ్యి చాపిన. నా కార్డు చెల్లలే, అందుకే పైసలిచ్చిన. చెల్లితే ఊకనే వోదును.”

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. అవ్వ ఆగలేదు. నవ్వు మీద నుంచే మాట్లాడింది.

“నవ్వుండ్రి. నలభై ఏండ్లు ఫ్రీ వద్దు ఫ్రీ వద్దు అన్న ముసల్దాని చెయ్యే గంత దూరం సాగింది. నా ఊరు, నా మనుమరాలు, నా మాట, ఏదీ యాదికి రాలే ఆ చిన్న కాయితం ముందర. మరి ఓట్ల కోసం వొచ్చేటోని చెయ్యి ఎంత దూరం సాగుతది? అందుకే అంటున్న, సర్కారు ఆ కాయితం చూపెట్టి ఆశ వెట్టొద్దు. నేను మంచిదాన్నని గాదు. కాదు గనకనే. ఇగ సాదేదెవరని మా సింధూజ అడిగింది. పక్కింటోళ్లు సాదాలె. మా మంగ పోరిని మేం సాదలేదా? గంతే.”

ఆ చివరి మాట ఆమె నోటి నుంచి జారిపోయింది. మంగ కొంగుతో మొహం కప్పుకుంది. నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు. భాగీరథి లేచి నిలబడి కొట్టింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కొట్టింది.

బయట చెప్పుల దగ్గర సింధూజ వచ్చింది. “అవ్వా, నేను ఒప్పుకుంటలేను. అందరి పక్కింట్ల నువ్వుంటవా? గల్లీ గల్లీకి ఒక వెంకటవ్వ దొరుకుతదా? దొరకని దాని కోసమే చట్టం” అంది.

“రేపు చీరలు కత్తిరియ్యనీకె రా. కొట్లాడుదాం” అంది అవ్వ. మొహం వెలిగిపోతోంది. దానికి చాయ్ ఖాయం.

భాగీరథి దగ్గరికి వచ్చి అవ్వ చెయ్యి పట్టుకుంది. “వదినె, నేనైతే ఆ ముచ్చట చెప్పకపోదును. నాకంత ధైర్యం లేదు” అంది.

గోడాదరా దాకా అవ్వ నడక మారిపోయింది. మోకాళ్ల నొప్పి మరచిపోయి ముందు ముందు నడిచింది. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఆమె అలా నడవడం ఎప్పుడూ చూడలేదు. గల్లీ మలుపు దగ్గర నేను ఆమెను పట్టుకొని అడిగాను.

“అవ్వా, నిజం జెప్పు. నువ్వు అంత మంది ముందర నిజం ఒప్పుకున్నది ధర్మం కోసమా, భాగీరథిని ఓడగొట్టనీకా?”

అవ్వ ఆగకుండానే అంది. “ఓడగొట్టనీకే. ఉత్త ధర్మానికైతే ఇంట్ల మీ తాతకు జెప్పుకుందును, మైకెందుకే పోరీ?”